మాకొద్దీ వరస

అమ్మమ్మ పాటల నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. రూళ్ళ కాయితాలు, నీలం సిరా, పేజీల అంచుల్లో పసుపు మరకలు. హారతులు, నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు అన్నీ కలిపి ఎనభై పైనే. రాగం, తాళం అన్న మాటలు ఎక్కడా ఉండవు. ఆ చోట్లో, పాట నెత్తిన బ్రాకెట్టు గీసి ‘లవకుశలో పాట వరస’, ‘పెద్దత్తగారి తులసి పాట వరస’, ‘కోవెల్లో శనివారం భజన వరస’ అని రాసుకుంది. ఒక శుక్రవారం హారతి మీద మాత్రం ‘మాకొద్దీ వరస’ అని ఉంది.

చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. పట్టించుకున్నాక నవ్వొచ్చింది. లక్ష్మీదేవిని మా ఇంటికి రావమ్మా అని పిలిచే పాటకి ‘మాకొద్దీ’ అని పేరేమిటి!

ఆ నవ్వు మళ్ళీ గుర్తొచ్చింది ఒక ఐరిష్ ట్యూను దగ్గర. హైదరాబాదులో ఒక స్నేహితురాలు ఐరిష్ ఫిడేలు నేర్చుకుంటోంది. ఓ సాయంత్రం హార్న్‌పైప్ ఒకటి వాయించింది. హార్న్‌పైప్ అంటే నాలుగు దెబ్బల నడక, కొంచెం కుంటుతున్నట్టుండే నాట్యపు ట్యూను. ప్రతి భాగం చివరా మూడు బరువైన దెబ్బలు పడతాయి, అడుగు నేలకి కొట్టి ఆగినట్టు. పేరేమిటని అడిగితే ‘బాయ్స్ ఆఫ్ బ్లూహిల్’ అంది. వెంటనే, దాన్నే ‘బోజ్ ఆఫ్ ఓక్‌హిల్’ అని కూడా అంటారంది. ఇంగ్లండు ఉత్తరపు కొసకి పోతే ‘ల్యాడ్స్ ఆఫ్ నార్త్ టైన్’ అట. కుర్రాళ్ళు వాళ్ళే, ఊరు మారింది. ఎవరు కట్టారు అంటే భుజాలెగరేసింది. అసలు పేరేది అని నేను రెట్టిస్తే, "అసలు అంటే?" అని ఎదురడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ట్యూన్ల లోకంలో పేరంటే చీటీ లాంటిది. డబ్బా మీద అంటిస్తాం, ఊడిపోతుంది, ఇంకొకటి అంటిస్తాం. ఫ్రాన్సిస్ ఓనీల్ అని ఐర్లండు నుంచి వలసపోయి, షికాగో పోలీసు శాఖకి పెద్దాఫీసరైన మనిషి ఒకాయన 1903లో 1850 ట్యూన్లు పోగేసి పుస్తకం వేశాడు. ఆయనకి స్వరాలు రాయడం రాదు. చెవిన పట్టుకుని వాయిస్తే, జేమ్స్ ఓనీల్ అనే మరో పోలీసాయన కాయితం మీద పెట్టేవాడు. ఒకే ట్యూనుకి రెండు మూడు పేర్లు తగిలితే ఏ పేరు కింద అచ్చెయ్యాలన్నది వాళ్ళకి రోజూ ఉండే తలనొప్పే. ఆ హార్న్‌పైపుల్లోనే ‘రైట్స్ ఆఫ్ మ్యాన్’ అని ఒకటుంది. థామస్ పెయిన్ రాసిన పుస్తకం పేరే. మాటల్లేని నాట్యపు ట్యూను ఒక రాజకీయ కరపత్రం పేరు మోసుకుని తాగుడు కొట్లలో తిరిగింది. పేరు తెలిసినవాడికి అది ఒకలా, తెలియనివాడికి ఇంకొకలా వినపడి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఈ ట్యూన్లు మన దాకా రాలేదని కాదు. ముత్తుస్వామి దీక్షితులు కంపెనీ బ్యాండ్లలో విన్న వరసలకి సంస్కృతం అమర్చి నొట్టుస్వరాలు చేశాడు. మన పిల్లలు సంగీతం క్లాసులో మొదట్లోనే పాడే ‘శక్తి సహిత గణపతిం’ వాటిలోదే. ‘వందే మీనాక్షి’కి మూలం ‘లిమరిక్స్ లామెంటేషన్’ అనే ఐరిష్ శోకగీతం అంటారు. లిమరిక్ ఊరివాళ్ళ ఏడుపు మధుర మీనాక్షికి దండమయింది. సుబ్బరామ దీక్షితులు 1905లో తెలుగు లిపిలోనే వేసిన ప్రథమాభ్యాస పుస్తకంలో ఇవి చేరాయి కూడా. కానీ నాకు కావలసింది ఇంకాస్త దగ్గర్లో ఉంది, గోదావరి గట్టు మీద.

మనకీ చీటీల పద్ధతే. మట్టు అనండి, వరస అనండి, బాణీ అనండి, దానికి సొంత పేరుండదు. ఆ కాలంలో ఊళ్ళో అందరి నోటా ఉన్న పాట మొదటి మాటే దాని పేరు. తర్వాతి తరం ఆ పాట మర్చిపోయి, అదే వరసలో ఇంకో పాట పాడుకుంటే పేరు మారిపోతుంది. పాత పాటల పుస్తకాలు తిరగేసినవాళ్ళకి ఇది తెలుసు. ‘ఫలానా పాట మట్టు’ అని ఉంటుంది. ఆ ఫలానా పాట ఇప్పుడెవరికీ రాదు. తాళం చెవి పోయిన పెట్టెలాగా సాహిత్యం మాత్రం చేతికి మిగులుతుంది.

అమ్మమ్మ రాసుకున్న ‘మాకొద్దీ’ ఏమిటో వెతకక్కర్లేదు. గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’. సహాయ నిరాకరణ రోజులు, 1921 ప్రాంతం. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి గానీ పాట గోదావరి జిల్లాల్లో ఇంటింటా తిరిగింది. ఏడాది జైలు పడింది. బయటికొచ్చి మళ్ళీ పాడితే మళ్ళీ జైలు. తెలుగు ముక్క రాని దొరకి కూడా ఆ పాట వేడి తగిలిందని ఒక కథ చెబుతారు. ఆ కథ నిజమైతే అందులో ఒక సంగతుంది. మాట తెలియని మనిషికి తగిలింది వరసే కదా.

మా తాతయ్య ఏటా ఆగస్టు 15న ఇస్త్రీ ఖద్దరు వేసుకుని ఈ పాట పాడేవాడు. స్కూల్లో జెండా ఎగరేశాక ఒకసారి, ఇంటికొచ్చి అరుగు మీద ఇంకోసారి. గొంతు అంత గొప్పది కాదు గానీ ఆ మొదటి మాట దగ్గర అరుగు అదిరేది.

ఎందుకదురుతుందో ఇప్పుడు తెలుసు. పల్లవి మాటని గురువులు, లఘువులుగా విడదీసి చూడండి. మాకొద్దీ: మూడూ గురువులే, మగణం. తలుపు మీద మూడు గుద్దులు. తర్వాత ‘తెల్ల’ ఒక గురువు, ఒక లఘువు. ఆ తర్వాత ‘దొరతనము’ అయిదూ లఘువులే, మెట్ల మీంచి గోళీలు జారినట్టు దొర్లిపోతాయి. వద్దన్న మాటకి బరువంతా పోయి, దొరతనానికి వచ్చేసరికి అది తేలిపోతుంది. హార్న్‌పైప్ మూడు దెబ్బల్ని చివర్న కొడుతుంది, ఈ పాట మొదట్లోనే కొడుతుంది. ‘వద్దు ఈ’ అన్న రెండు మాటలు సంధిలో కలిసిపోవడం వల్ల వచ్చిన లాభం ఇది. విడిగా రాస్తే సగం బలం పోతుంది.

చరణాల్లో ఏముందో చాలామందికి గుర్తుండదు, పల్లవి మింగేసింది. ఎంత పండినా పట్టెడన్నం కరువవడం ఉంది. ఉప్పు ముట్టుకుంటే నేరమవడం ఉంది, అదీ దండి యాత్రకి తొమ్మిదేళ్ళ ముందు. పెద్ద మాటలు లేవు. పన్ను, కల్లు, కోర్టు, కడుపు. రోజూ కనపడేవాటి జాబితా. జాబితా పాటకి ఒక సుఖముంది, ఎవరి బాధ వాళ్ళు చివర్న కలుపుకోవచ్చు.

రాజమండ్రిలో ఒకాయన కలుపుకున్నాడు. చివర్న కాదు, మొదట్లోనే. కుసుమ ధర్మన్న. వైద్యుడు, కవి, ‘జయభేరి’ పత్రిక నడిపినవాడు, ‘హరిజన శతకము’ రాసినవాడు. ఆయన పాట ‘మాకొద్దీ నల్ల దొరతనము’.

ఇది నేను మొదటిసారి చదివింది ఇరవై ఏడో ఏట. తెలుగు సాహిత్యంలో డిగ్రీ చేతికొచ్చిన తర్వాత. ఈ వాక్యం ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఒక్క మాట మారింది. తెల్ల, నల్ల. రెండూ గురువు, లఘువు. రెండో అక్షరం రెండింట్లోనూ ‘ల్ల’. ప్రాస చెడలేదు, గణం చెడలేదు, తాళంలో ఒక్క మాత్ర అటూ ఇటూ కాలేదు. కళ్ళు మూసుకుని సగం చెవితో వింటే మార్చినట్టే తెలియదు. సభలో వెనక వరసలో కూర్చున్నవాడు దేశభక్తి గీతమే అనుకుని తలూపి, రెండో చరణానికి ఆగిపోయే రకం పాట. అక్కడ కామందుల ఇళ్ళలో పాలేరుతనం వస్తుంది. ఏడాది పొడుగునా ఒళ్ళు విరుచుకున్నా ఇంటిల్లిపాదికీ పస్తులు తప్పని బతుకు వస్తుంది. అంటరానితనం వస్తుంది.

ఈ పాటని మన సాహిత్య చరిత్రలు తల్చుకోవడం అరుదు. తల్చుకున్నచోట ‘అనుకరణ’ అనో, ‘గరిమెళ్ళ ప్రభావంతో’ అనో ఒక ముక్కతో దాటేస్తాయి. తర్వాతి కాలంలో దళిత సాహిత్యం చదివినవాళ్ళు వెతికి పైకి తీశారు కాబట్టి నాలాంటి వాళ్ళకి ఆలస్యంగానైనా తెలిసింది. నా పేచీ ఆ ‘అనుకరణ’ అన్న మాటతోనే. పేరడీ కూడా కాదిది. పేరడీకి మూలాన్ని చూసి నవ్వించడం కావాలి. ధర్మన్న గరిమెళ్ళని వెక్కిరించలేదు. తెల్ల దొరతనం బాగుందనీ అనలేదు. మీరు తీసిన గొంతులోనే నా ఫిర్యాదు కూడా వినండి అన్నాడు, అంతే. వరసలు పేర్లు మార్చుకునే మన పద్ధతిలో ముందు పాడినవాడు యజమాని, వెనక పాడినవాడు అద్దెకున్నవాడు అన్న లెక్క ఎప్పుడూ లేదు. అమ్మమ్మ హారతిని గరిమెళ్ళకి అనుకరణ అని ఎవరూ అనరు కదా. హారతి అయితే వరస, దళితుడి పాటయితే అనుకరణా?

ఒక మాట గరిమెళ్ళ తరపున కూడా చెప్పాలి. ఆయన్ని పెద్దకులాల పక్షాన నిలబెట్టి ధర్మన్నతో కుస్తీ పెట్టించడం నాకిష్టం లేదు. హరిజనుల మీద పాటలు ఆయనా రాశాడు. స్వరాజ్యం వచ్చాక ఆయనకి దక్కిందేమీ లేదు. మద్రాసులో పేదరికంలో 1952లో పోయాడు. జైలుకి పంపిన పాటని మాత్రం ప్రతి ఆగస్టులో మనం వాడుకున్నాం, ఆయన్ని వదిలేసి. దాన్ని ఇంటి ఆస్తిలా అనుభవించింది కవి కన్నా, మా తాతయ్యలాంటి శ్రోతలు.

రెండు పాటల్లోనూ పిలుపు దేవుడికే, ‘దేవా’ అని. అక్కడ రెండు పాటలూ విడిపోతాయి. గరిమెళ్ళ పాట పాడే ఖద్దరు పెద్దమనిషి ఆ దేవుణ్ణి గుళ్ళోకి వెళ్ళి చూసి రాగలడు. ధర్మన్న పాట పాడేవాడు ప్రాకారం అవతలి నుంచి పిలవాలి. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. ఈ పాటలు పుట్టినప్పుడు అది ఇంకా పాతికేళ్ళ దూరం. అదే మాట, అదే స్వరం, కానీ ఎక్కడ నిలబడి పిలుస్తున్నావన్నది మారిపోయింది. నాకు ధర్మన్న పాటలో ‘నల్ల’ కన్నా మార్చకుండా వదిలేసిన ఈ ‘దేవా’ ఎక్కువ తగులుతుంది.

‘దొరతనం’ అన్న మాట కూడా చూడాలి. ఆనాటి తెలుగులో గవర్నమెంటుకి అది మామూలు మాట, ‘ఇంగ్లీషు దొరతనం వారు’ అని రాసేవారు. గరిమెళ్ళ ఆ అర్థంలో వాడాడు, ప్రభుత్వం అని. ధర్మన్న దాన్ని విడగొట్టి లోపలున్న దొరని బయటికి లాగాడు. గోదావరి జిల్లాల్లో మా తాతయ్యని ఎవరూ దొర అనలేదు. పదిహేనెకరాల ఆసామి, కామందు. దొర అంటే జమీందారో, ఇంగ్లీషువాడో. కాబట్టి ‘నల్ల దొర’ అన్న మాట వింటే తాతయ్య చుట్టూ చూసి ఉండేవాడు, ఎవర్నంటున్నారా అని.

ఇది డెల్టాలో పుట్టాల్సిన పాటే అని నా నమ్మకం. ఇక్కడ తెల్ల దొరకి దండలేస్తారు. కాటన్ 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. కాలవలు పారాయి, వరి పండింది. మా వైపు ఊళ్ళల్లో ఆయన విగ్రహాలున్నాయి, ఆయన పేరు చెప్పుకుని గోదావరిలో మునిగేవాళ్ళ కథలున్నాయి. ఆ నీళ్ళు ఎకరాలున్నవాడికి బంగారమయ్యాయి. ఎకరం లేనివాడికి ఊడ్పులు, కోతలు, ఏడాది పాలేరుతనం అయ్యాయి. ఒకే కాలవ, ఒకే నీళ్ళు. ఈ ఊళ్ళలో నిలబడి తెల్ల దొర వద్దు అంటే అందరూ చప్పట్లు కొడతారు, కొట్టి కాటన్ విగ్రహానికి దండ వేసి ఇంటికెళ్తారు. ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు. నల్ల దొర వద్దు అన్నప్పుడే అరుగు మీద కూర్చున్నవాడు సర్దుకుని కూర్చోవాల్సొస్తుంది.

ఇంత చెప్పి వరస గురించి చెప్పడానికి నా దగ్గర ఉన్నది కొంచెమే. మన జానపద విద్వాంసులు మాటల్ని బంగారంలా దాచారు. రాజమండ్రి దగ్గరి నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పోగేసిన ‘మిన్నేరు’, ‘మున్నీరు’ లేకపోతే మా జిల్లాల ఆడవాళ్ళ పాటలు, పొలం పాటలు ఎన్ని పోయేవో. ఆ పుస్తకాలంటే నాకు ప్రాణం. కానీ పేజీ మీద మాటే ఉంది, గొంతు లేదు. షికాగో పోలీసులు సరిగ్గా దీనికి తలకిందులు. ట్యూను ఉంది, పాడిన మనుషుల కష్టసుఖాలు లేవు. మనం పోగేసిన పద్ధతిలో ‘తెల్ల’ పాట ఒక పుస్తకంలో, ‘నల్ల’ పాట ఇంకో పుస్తకంలో, హారతి ఒక రూళ్ళ నోటుబుక్కులో పడిపోయాయి. ఈ మూడూ ఒకే గొంతులోంచి వచ్చాయని చెప్పే సాక్ష్యం ఏ పేజీలోనూ లేదు. వరసల వారీగా ఒక్క సంకలనం వేసి ఉంటే, పక్కపక్క పేజీల్లో ఈ రెండు పాటలూ కూర్చుని ఉండేవి. ఎవరిది మూలం అన్న ప్రశ్న అప్పుడు ఇంత సులువుగా తెగేది కాదు.

పోయిన శ్రావణంలో అమ్మకి ఫోన్ చేశాను. అమ్మమ్మ శుక్రవారం హారతి వరస గుర్తుందా అని అడిగాను. గొంతు సవరించుకుని తీసింది, రెండు చరణాలు. మొదటి మాట దగ్గర ఆ మూడు దెబ్బలూ మెత్తబడి, గంట మోగినట్టున్నాయి. నేను, "ఇది తాతయ్య ఆగస్టు 15 పాటే కదమ్మా" అన్నాను.

"ఏమో, నాకు మాత్రం పశువుల సావిడే గుర్తొస్తుంది" అంది. "మన పాలేరు తీసేవాడు కదే, పాలు పితికేటప్పుడు. ఆ రాగమే ఇది."

నాకూ లీలగా గుర్తుంది. తాతయ్య కన్నా ఓ పదేళ్ళు చిన్నేమో. మా పిల్లలందరం ఆయన్ని ‘నువ్వు’ అనే పిలిచేవాళ్ళం, ఆయన మమ్మల్ని ‘అమ్మాయిగారండి’, ‘బాబుగారండి’ అనేవాడు. తెల్లారగట్ల సావిట్లోంచి సన్నటి కూనిరాగం, పాల ధార చెంబులో పడే చప్పుడుతో కలిసి. తాతయ్య దగ్గర విని పట్టుకున్నాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ధర్మన్న పాట చదివిన తర్వాత అంత ధీమాగా అనుకోలేకపోతున్నాను.

"మాటలు ఉండేవా అమ్మా? ఏం మాటలో గుర్తుందా?"

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఉండే ఉంటాయి. నేను పాల గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఆపేసేవాడు" అంది.